పోస్ట్‌జీఐఎస్‌తో ఐదు ఎండాకాలాలు: మా బావగారి నీళ్ల ట్యాంకర్ల మ్యాపు

నిజాంపేటలో మా బావగారికి నాలుగు నీళ్ల ట్యాంకర్లున్నాయి. ఐదువేల లీటర్లవి మూడు, పదివేలది ఒకటి. మార్చి దాటిందంటే ఆయన ఫోను చెవికి అతుక్కుపోతుంది. "పోచమ్మ గుడి వెనక నీలం గేటు" అంటే పాత డ్రైవర్‌కి ఇట్టే తెలుస్తుంది, కొత్త కుర్రాడు మాత్రం గంటసేపు తిరిగి వస్తాడు. ఆ నీలం గేట్లన్నీ మ్యాపులోకి ఎక్కించమని 2020 చివర్లో నన్ను పట్టుకున్నారు. వెనక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, దాని మీద చోట్లూ దూరాలూ లెక్కేసే పోస్ట్‌జీఐఎస్ అనే పొడిగింపు, ముందు బ్రౌజర్‌లో మ్యాపు చూపించే లీఫ్‌లెట్‌. అలా మొదలైంది.

పెట్టడం కష్టమేం కాదు. పోస్ట్‌గ్రెస్ ఉంటే పోస్ట్‌జీఐఎస్‌ని కలపడానికి ఒక్క ఆజ్ఞ చాలు. లీఫ్‌లెట్‌లో తొలి మ్యాపు రావడానికి నలభై వరసల కోడు కూడా పట్టలేదు. ఆదివారం మధ్యాహ్నానికల్లా పని అయిపోయిందనుకున్నా.

బావగారిని పిలిచి చూపిస్తే హైదరాబాద్ మీద ఒక్క చుక్క లేదు. మ్యాపుని వెనక్కి లాగి లాగి చూస్తే మా ఖాతాదారులంతా నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద ఉన్నారు. మన ఊరు ఉండేది 17 డిగ్రీల అక్షాంశం, 78 డిగ్రీల రేఖాంశం దగ్గర. తిరగేస్తే ఉత్తర ధ్రువం వైపు పోతాం. ఫోన్‌లో మ్యాపు నుంచి కాపీ చేస్తే అక్షాంశం ముందొస్తుంది, లీఫ్‌లెట్‌కీ అదే వరస. పోస్ట్‌జీఐఎస్‌కీ, మ్యాపు డేటా రాసుకునే జియోజేసన్ ఫైళ్లకీ రేఖాంశం ముందుండాలి. "అక్కడెవరికి నీళ్లు పోస్తాం బామ్మర్దీ? గడ్డ కొట్టుకుని కరగబెట్టుకుంటారుగా!" అన్నారాయన. రేఖాంశం 77కీ 80కీ మధ్య లేకపోతే ఆ ఇంటి వరస (రో) తీసుకోవద్దని ఆ రాత్రే టేబుల్‌కి షరతు పెట్టా. ఐదేళ్లలో అది ఎన్ని తప్పుల్ని ఆపిందో లెక్కలేదు.

తర్వాతిది కొలతల గొడవ, ఎక్కువ విసిగించింది కూడా అదే. ఫిల్లింగ్ పాయింట్‌కి (ట్యాంకర్లు నీళ్లు నింపుకునే చోటు) 500 మీటర్లలో ఉన్న ఇళ్లు చూపించమని అడిగితే ఉన్న ఇళ్లన్నీ వచ్చాయి. 4326 అంటే అక్షాంశ రేఖాంశాల్ని డిగ్రీల్లో రాసే పద్ధతి నంబరు. అందులో ఉన్న, భూమిని చదును కాగితంలా చూసే మామూలు జ్యామెట్రీ కాలమ్‌కి మీటరంటే ఏంటో తెలియదు, నేనడిగింది 500 డిగ్రీలన్న మాట. భూగోళం చుట్టూ ఉన్నవే 360! సరే, మీటర్లు కావాలి కదా అని వెబ్ మ్యాపులు వాడే 3857 అనే పద్ధతిలోకి మార్చా. అది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే కంటికి కనపడదు. మన అక్షాంశం దగ్గర అందులో కిలోమీటరుకు దాదాపు 48 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మా దగ్గర ఐదు కిలోమీటర్లు దాటితే రేటు మారుతుంది. 4.8 కిలోమీటర్ల దూరంలో ఉన్న అపార్ట్‌మెంటు ఐదు దాటినట్టు కనపడి, వాళ్లకి నెలన్నరపాటు ఎక్కువ బిల్లు పడింది. వాళ్ల సెక్రటరీగారు కాగితం మీద లెక్కేసుకుని వచ్చి నిలదీస్తే గానీ నాకు తెలియలేదు. డబ్బు వెనక్కిచ్చాం. అప్పట్నుంచి కొలతకి, భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని మీటర్లలో చెప్పే జాగ్రఫీ రకం కాలమ్‌నే వాడుతున్నా. భూమిని నిలువు పట్టీలుగా (యూటీఎం జోన్లు) కోసి మీటర్లలో కొలిచే పద్ధతిలో మన పట్టీ, 32644 కూడా సరిపోతుంది, కానీ ఆ జోన్ మొదలయ్యేదే 78వ రేఖాంశం దగ్గర. జహీరాబాద్ వెళ్తే పక్క జోన్‌లో పడతాం.

వేగం గురించి రెండు మాటలు. ఖాతాదారుల టేబుల్ చిన్నదే, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) లేకపోయినా నడుస్తుంది. బండ్ల జీపీఎస్ అలా కాదు. పది సెకన్లకోసారి, రోజుకి పద్నాలుగు గంటలు, నాలుగు బండ్లు అంటే రోజుకి ఇరవై వేల వరసలు, ఏడాదికి డెబ్బై లక్షల పైనే. "మాకు బండే రాలేదు" అన్న ఇంటి దగ్గరికి ఆ రోజు బండి వెళ్లిందో లేదో వెతకాలి. దూరం లెక్కేసి 50 మీటర్ల కన్నా తక్కువేనా అని అడిగితే ప్రతి వరసా తడుముతుంది, చాయ్ తాగి రావచ్చు. అదే ప్రశ్న 'ఇంత దూరంలోపు ఉందా' అని చూసే ఎస్‌టీ-డీవితిన్ ఫంక్షన్‌తో అడిగితే, చోట్ల కోసం కట్టే గిస్ట్ ఇండెక్స్ పట్టుకుని రెప్పపాటులో చెప్తుంది.

ఏ ఇంటికి ఏ ఫిల్లింగ్ పాయింట్ దగ్గరో చెప్పడం దీనికి మంచినీళ్లు తాగినంత తేలిక. మోసపోయింది కూడా ఇక్కడే. కూకట్‌పల్లిలో జాతీయ రహదారి మధ్యలో మెట్రో స్తంభాలు, డివైడరు. అవతలి పక్క పాయింట్ గీత గీస్తే 400 మీటర్లే, బండి యూటర్న్ కొట్టి రావాలంటే మూడు కిలోమీటర్లు. రోడ్ల మీద దారి వెతికే పీజీరౌటింగ్‌తో రెండు వారాంతాలు కుస్తీ పట్టా. దారి బాగానే చెప్పింది గానీ ఈ నెల యూటర్న్ ఉన్నచోట వచ్చే నెల బారికేడ్లుంటాయి, దానికెలా తెలుస్తుంది? చివరికి పాత డ్రైవరే దారి చూపించాడు. "ఏ పక్కో రాసుకోండి సార్, చాలు." 'పక్క' అని ఒక కాలమ్ కలిపా. ఒకే పక్క పాయింట్లలో దగ్గరిది చూపిస్తుంది. ఐదేళ్లలో నేను రాసినవాటిలో ఎక్కువ డీజిల్ మిగిల్చింది ఆ 'పక్క' కాలమ్ ఒక్కటే.

అడుగున బొమ్మకి మొదట అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల టైల్స్‌నే (మ్యాపు బొమ్మ ముక్కలు) వాడుకున్నా. అది చందాలతో నడిచే సర్వర్, వ్యాపారం దాని మీద పెట్టుకోవడం మర్యాద కాదనిపించింది. దక్షిణాది డేటా దించుకుని వెక్టర్ టైల్స్ (బొమ్మ బదులు గీతల డేటా ఉండే ముక్కలు) మేమే ఇస్తున్నాం. దాంతో లీఫ్‌లెట్ పోయి, వాటిని గీయగలిగే మ్యాప్‌లిబ్రె వచ్చింది. వెనక టేబుళ్లు అంగుళం కదల్లేదు.

వెర్షన్ మార్చేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్ నడిచే కంటైనర్‌కి (ప్రోగ్రాముని దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూట) వెర్షన్ నంబరు ఇవ్వకుండా వదిలేశా, ఏప్రిల్‌లో ఒక రాత్రి సర్వర్ మళ్లీ మొదలయ్యేసరికి కొత్త పోస్ట్‌గ్రెస్ వచ్చి, పాత డేటా ఫైళ్లు తనకి పొసగవని కూర్చుంది. తప్పు నాదే. ఉదయం ఐదింటికి మొదటి లోడు. పాత వెర్షన్ మళ్లీ తెచ్చి, డంప్ (డేటా మొత్తానికి నకలు) తీసి, కొత్తదాంట్లో పోసేసరికి నాలుగున్నర.

యాభై చుక్కలే ఉంటే ఒక జియోజేసన్ ఫైలు చాలు, ఇంత అక్కర్లేదు. దూరం, బిల్లు, బండ్లు వచ్చాయంటే పోస్ట్‌జీఐఎస్‌కే నా ఓటు. ఈ ఎండాకాలం బావగారు 'పైపు పొడవు' కాలమ్ అడుగుతున్నారు, సన్న సందుల్లో సంపు దాకా పైపు అందడం లేదట. కలపడం ఒక్క వరస పని. నింపాల్సింది డ్రైవర్లు, వాళ్లేమో జూన్ దాకా దొరకరు.