ఒకే సినిమా, నాలుగు డిస్కులు: ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ ఇంటి ప్రతుల సమీక్ష

సెర్జియో లియోనీ 1966లో తీసిన కౌబాయ్ సినిమా ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ నా దగ్గర నాలుగు ప్రతులుగా ఉంది. 2004 నాటి రెండు డిస్కుల డీవీడీ, 2014లో వచ్చిన బ్లూ-రే, కీనో లోర్బర్ సంస్థ 2017లో విడుదల చేసిన యాభయ్యేళ్ల ప్రత్యేక బ్లూ-రే, అదే సంస్థ 2021లో తెచ్చిన, బ్లూ-రే కంటే ఎక్కువ వివరాలు చూపే 4కె డిస్క్. మొదటి మూడూ అమెరికాలో ఉద్యోగం చేసిన కాలంలో కొన్నవి, నాలుగవది హైదరాబాదుకు తిరిగి వచ్చాక తెప్పించుకున్నది. ఒకే సినిమాను నాలుగుసార్లు కొనడం తెలివైన పనేనని నేను వాదించను, మా ఇంట్లో అలా వాదించనిచ్చేవారూ లేరు. అయితే ఇన్నేళ్లుగా ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తూ వచ్చినందువల్ల, కొత్తగా వచ్చిన ప్రతి మునుపటిదాని కంటే మేలైనదే అయివుంటుందన్న నమ్మకం మాత్రం నాకు పోయింది.

ముందు రంగు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమాలో రంగు కథలో భాగం. అది అమెరికా అంతర్యుద్ధ కాలం. ఎడారి దాటి బండి తోలుకొస్తున్న ట్యూకోకు (ఎలై వాలక్ వేసిన పాత్ర) దూరాన బూడిదరంగు దుస్తుల్లో గుర్రాల దండు కనబడుతుంది. దక్షిణాది సైన్యమే అనుకుని అతను గొంతు చించుకుని వారికి జేజేలు పలుకుతాడు, ఉత్తరాది వారిని తిట్టిపోస్తాడు. దగ్గరికి వచ్చిన అధికారి తాపీగా చేతిమీది దుమ్ము దులుపుకుంటే, కింద నుంచి ఉత్తరాది సైన్యపు నీలం బయటపడుతుంది. ఈ హాస్యమంతా బూడిదరంగుకూ నీలానికీ ఉన్న తేడా మీదనే నిలబడి ఉంది. ఇటలీలో 4కెలో పునరుద్ధరించిన ప్రతి ఆధారంగా వచ్చిన 2014 బ్లూ-రేలో బొమ్మంతటికీ పసుపు ఛాయ పట్టింది. ఆకాశం వెలిసిపోయి, నీలం ఆకుపచ్చ వైపు మొగ్గి, ఆ అధికారి చేయి దులుపుకున్నా మనకు వెంటనే నవ్వు రాదు. మొదటిసారి చూసినప్పుడు లోపం నా టీవీదేమోనని రెండు సాయంత్రాలు దాని అమరికలతో కుస్తీ పట్టాను. తర్వాత పాత డీవీడీ వేసి చూస్తే, స్పష్టత ఎంతో తక్కువైన ఆ డిస్కులో నీలం నీలంగానే ఉంది. కీనో వారు 2017లో ఆ పసుపును చాలావరకు తొలగించారు. 2021 డిస్కులో చర్మపు రంగు, ఇసుక రంగు, ఆకాశం ఒకదానితో ఒకటి కలిసిపోకుండా దేనికది విడివిడిగా కనబడతాయి. ఇప్పుడు ఏ పునరుద్ధరణ చేతికి వచ్చినా నేను ముందు ఆ దుమ్ము దులిపే సన్నివేశానికే వెళ్తాను.

స్పష్టత గురించి మాట్లాడాలంటే ఈ సినిమాను ఏ పద్ధతిలో చిత్రీకరించారో కొంత తెలియాలి. ఛాయాగ్రాహకుడు టొనినో డెల్లి కొల్లి వాడినది టెక్నిస్కోప్. సాధారణంగా 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక ఫ్రేముకు ఫిల్ము అంచున ఉండే రంధ్రాల్లో నాలుగింటి ఎత్తు పడుతుంది, ఇందులో రెండే. ఫిల్ము ఖర్చు సగానికి తగ్గుతుంది, దానితో పాటే నెగెటివ్‌లో బొమ్మ వైశాల్యమూ తగ్గుతుంది. అందుకే తెర మీద గ్రెయిన్, అంటే ఫిల్ములోని సన్నని రేణువుల ఆనవాళ్లు, కొంచెం ముతకగా కనబడడం ఈ సినిమాకు సహజం. దానిని లోపమనుకుని నున్నగా తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. 4కె డిస్కులో నాకు బాగా నచ్చిన గుణం అలా తుడవకపోవడమే. లియోనీ ముఖాలను ఎంత దగ్గరగా చూపిస్తాడో తెలిసినదే కదా. ఎలై వాలక్ నుదుటి మీది చెమట, లీ వాన్ క్లీఫ్ కళ్ల చివరల ముడతలు, ఎండకు పొక్కిపోయిన క్లింట్ ఈస్ట్‌వుడ్ పెదవులు డీవీడీలో ఉన్నాయని తెలిసేది, ఇక్కడ కనబడుతున్నాయి. ఆరంభంలో పేర్లు పడే భాగం మాత్రం నాలుగింటిలోనూ కాస్త మెత్తగానే ఉంటుంది. ఆప్టికల్ పద్ధతిలో మరో ఫిల్ము మీదికి ఎక్కించిన భాగానికి నెగెటివ్ పదును రాదు, కాబట్టి దానికి డిస్కును తప్పుపట్టలేము. పెదవుల కదలికకూ మాటకూ పొత్తు కుదరకపోవడం కూడా అలాంటిదే. ముఖ్యపాత్రలు వేసిన ముగ్గురూ ఇంగ్లీషులో మాట్లాడితే చాలామంది తక్కిన నటులు వారి వారి భాషల్లో మాట్లాడారు, ఆ పైన అందరికీ డబ్బింగ్ జరిగింది.

ధ్వని విషయంలో నా కళ్లు, అంటే చెవులు, తెరిపించినవాడు మా బాబాయి. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసి కౌబాయ్ సినిమాల పిచ్చి పట్టించుకున్న తరం ఆయనది. ఆ ఊపులోనే ఈ ఇంగ్లీషు సినిమానూ థియేటర్లో చూశాడు. నేను గొప్పగా డీవీడీ పెట్టి, ఐదు స్పీకర్లూ మోగిస్తుంటే, మొదటి కాల్పులు వినగానే “ఇది ఆ మోత కాదురా” అన్నాడు. పాతకాలపు మనిషి మాటలే అనుకున్నాను. తర్వాత తెలిసింది, 5.1గా, అంటే చుట్టూ ఉన్న పలు స్పీకర్లకు పంచే ధ్వనిగా, మార్చినప్పుడు చాలాచోట్ల తుపాకుల చప్పుళ్లనే మార్చేశారని. అసలు మోనోలో, అంటే ఒకే బాటలో వచ్చే ధ్వనిలో, తూటా శబ్దం కొరడా ఝళిపించినట్టు పదునుగా, కొసన ఒక సాగుదలతో ఉంటుంది. మార్చినవి బరువుగా, నిజం తుపాకుల్లాగా ఉన్నాయి, కానీ ఈ సినిమాలో ఏదీ నిజంలాగా ఉండాలని తీసింది కాదు. శ్మశానంలో ట్యూకో సమాధుల మధ్య పిచ్చిగా పరుగెత్తే చోట సంగీత దర్శకుడు మొరికోనే బాణీలూ, గాయని ఎడ్డా డెల్ ఒర్సో గొంతూ గదంతా నిండడం 5.1లో బాగుంటుందని ఒప్పుకుంటాను. ఆ ఘట్టం మినహా 4కె డిస్కులో నేను పెట్టుకునేది మోనోయే.

ఇక నిడివి. డీవీడీలోనూ, 2014 బ్లూ-రేలోనూ ఉన్నది దాదాపు 179 నిమిషాల పొడిగించిన ప్రతి. 4కె డిస్కులో ఉన్నది అమెరికా థియేటర్లలో ఆడిన, దాదాపు 162 నిమిషాల ప్రతి. పొడిగించినదానిలోని కొన్ని సన్నివేశాలకు ఇంగ్లీషు మాటలు అంతకుముందు లేవు. ఈస్ట్‌వుడ్, వాలక్ దాదాపు ముప్పై ఆరేళ్ల తర్వాత వచ్చి తమ పాత్రలకు తామే డబ్బింగ్ చెప్పారు. లీ వాన్ క్లీఫ్ 1989లోనే మరణించినందువల్ల ఆయన మాటలను మరొకరు అనుకరించారు. ముప్పై ఆరేళ్ల ఈస్ట్‌వుడ్ ముఖం నుంచి డెబ్భై దాటిన గొంతు రావడం వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, వాలక్ విషయంలో మరీను. అయినా చేర్చినవన్నీ అనవసరమైనవి కావు. ట్యూకో కోడిని చేతపట్టుకుని గుహలోకి వెళ్లి తన మనుషులను పిలుచుకునే సన్నివేశం లేకపోతే, హోటలు దగ్గర అతని వెంట వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డారో అర్థం కాదు. అయితే లియోనీ తానే కత్తిరించిన సన్నివేశమట అది. ధ్వంసమైన కోటలో గాయపడిన సైనికులను చూస్తూ లీ వాన్ క్లీఫ్ వేసిన ఏంజెల్ ఐజ్ ఒక్క క్షణం ఆగే ఘట్టాన్ని మాత్రం నేను వదులుకోలేను. అంత క్రూరుడి ముఖంలో జాలి లాంటిది కదలడం సినిమా మొత్తంలో అక్కడే చూస్తాము.

భారతదేశంలో కొనదలచినవారు ప్రాంతపు సంకేతం సంగతి, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయరులో ఆడుతుందో తేల్చే గుర్తు సంగతి, చూసుకోవాలి. అమెరికా బ్లూ-రేలు ‘ఏ’ ప్రాంతానివి, మన దేశం ‘సి’ ప్రాంతంలో ఉంది. నేను తెచ్చుకున్న 2017 బ్లూ-రేను ఇక్కడ కొన్న ప్లేయరు మొదటిరోజే తిరస్కరించింది. 4కె డిస్కులకు ఆ తాళం ఉండదు, నాది ఎక్కడ వేసినా ఆడింది. అది వచ్చినప్పుడు మాత్రం పెట్టెలో పట్టు ఊడి గలగలలాడుతూ వచ్చింది. అంచున గీత పడింది, అదృష్టవశాత్తు సినిమా ఎక్కడా ఆగలేదు.

ప్రస్తుతం నా వాడకం ఇలా ఉంది. చుట్టాలొచ్చినా, నేనొక్కడినే చూడాలనిపించినా 4కె డిస్క్, మోనో ధ్వనితో. 2014 బ్లూ-రే రెండేళ్లుగా అల్మరాలోంచి బయటికి రాలేదు. ఆ కోట సన్నివేశం చూడాలనిపించిన రోజున, అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే పాత ప్లేయరుకు తీగ తగిలించి, 2004 డీవీడీ పెట్టుకుంటాను.