గిన్నెలు, కడియాలు, మేకీ మేకీ: వీడియో గేమ్ ప్రదర్శనకు వాడి చూసిన బోర్డు

గత వేసవి సెలవుల్లో ఒక ఆదివారం సాయంత్రం, హైదరాబాదులోని మా కాలనీ కమ్యూనిటీ హాలులో నేనూ మరో ముగ్గురు మిత్రులూ కలిసి ఒక చిన్న వీడియో గేమ్ ప్రదర్శన పెట్టాము. మొత్తం ఐదు గేములు. వాటిలో ఒక్కదానిని కూడా కీబోర్డుతో గానీ, బజారులో కొన్న జాయ్‌స్టిక్‌తో గానీ ఆడే వీలు లేకుండా, ప్రతి కంట్రోలరునూ ఇంట్లో దొరికే సామానుతో మేమే తయారు చేశాము. ఐదింటిలో నాలుగు, తాకిన వస్తువులను కంప్యూటరు మీటలుగా మార్చే మేకీ మేకీ అనే ఎలక్ట్రానిక్ బోర్డు మీద నడిచాయి. పిల్లల సైన్సు బొమ్మగా ఈ బోర్డు గురించి చాలామంది రాశారు కాబట్టి, పదిమందీ వచ్చి ఆడే ప్రదర్శనకు ఇది ఎంతవరకు ఆధారపడదగినదో చెప్పడానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదువుకున్న జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ దీనిని రూపొందించి, 2012లో జనం నుంచి విరాళాలుగా పెట్టుబడి సేకరించే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు ద్వారా జనం ముందుకు తెచ్చారు. వారు కోరింది 25,000 డాలర్లు కాగా వచ్చినది 5,68,000 డాలర్లకు పైనే. పెట్టెలో అరచేతిలో ఇమిడే ఒక బోర్డు, ఒక యూఎస్‌బీ కేబుల్, చివరన పళ్ళతో పట్టుకునే క్రొకడైల్ క్లిప్పులున్న ఏడు వైర్లు, బోర్డు వెనుక వైపు గుచ్చుకోవడానికి ఆరు చిన్న వైర్లు ఉంటాయి. కంప్యూటరుకు తగిలించగానే అది ఈ బోర్డును మామూలు కీబోర్డుగానే గుర్తిస్తుంది. ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనక్కరలేదు. ముందు వైపు నాలుగు బాణం మీటలు, స్పేస్, మౌస్ క్లిక్ కలిపి ఆరు, వెనుక వైపు మరో పన్నెండు, మొత్తం పద్దెనిమిది ఇన్‌పుట్లు ఉన్నాయి.

దీని పనితీరును నిర్వాహకులు తప్పనిసరిగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ప్రదర్శనలో వచ్చే చిక్కులన్నీ అక్కడి నుంచే పుడతాయి. ప్రతి ఇన్‌పుట్ విద్యుత్తును బాగా అడ్డగించే 22 మెగా ఓముల రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు కలిపి ఉంటుంది. ఆటగాడు ఒక చేత్తో బోర్డులోని ఎర్త్ అనే చోటుకు కలిపిన వైరును పట్టుకుని, రెండో చేత్తో ఆ ఇన్‌పుట్‌కు కట్టిన వస్తువును తాకినప్పుడు, అతని శరీరం గుండా వలయం పూర్తయి అక్కడి వోల్టేజీ పడిపోతుంది. బోర్డు ఆ తగ్గుదలను గమనించి మీట నొక్కినట్లు కంప్యూటరుకు చెబుతుంది. మనిషి చర్మానికి ఉండే నిరోధకత ఈ రెసిస్టర్ ముందు చాలా చిన్నది కాబట్టే, విద్యుత్తును కాస్త అయినా పోనిచ్చే ఏ వస్తువైనా మీటగా మారిపోతుంది. శరీరంలో పారే విద్యుత్తు మైక్రో ఆంపియరులో నాలుగో వంతుకు కూడా చేరదు గనుక పిల్లల విషయంలో భయపడవలసినది లేదు.

ఇలాంటి ప్రదర్శనలకు ఇప్పటికే ఒక సంప్రదాయం ఏర్పడింది. న్యూయార్క్‌లో బేబీక్యాసిల్స్, లండన్‌లో వైల్డ్ రంపస్ వంటి బృందాలు గేములను సంగీత కచేరీల వలె, విందుల వలె జనం మధ్యకు తెచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే గేమ్ డెవలపర్ల సమావేశంలో 2014 నుంచి చేతితో చేసిన కంట్రోలర్లకే ఒక విభాగం ఉంది. ఇటువంటి చోట ఆడేవారికి దక్కే ఆనందంలో సగం చూసేవారికీ దక్కాలి. తెర మీద ఏమి జరుగుతున్నదో అర్థం కాని తాతగారు కూడా మనవడు వంకాయను తట్టడం చూసి దగ్గరకు రావాలి, వచ్చాక తానూ ఒకసారి తట్టాలి. మేకీ మేకీని నేను మెచ్చుకునే ప్రధాన కారణం ఇదే: ప్రోగ్రామింగ్ పనిని దాదాపు పూర్తిగా తప్పించి, వచ్చినవారి చేతికి ఏ వస్తువు ఇవ్వాలి, వారిని ఎక్కడ నిలబెట్టాలి అన్న అసలు ప్రశ్న మీద మన సమయాన్ని నిలుపుతుంది. నాలుగు గేములకు వైర్లు కలపడం మాకు ఒక పూట పని. ఏ వస్తువులు పెట్టాలన్నది తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాల్లో మొదట వదిలేసినవి పండ్లు. అరటిపండు ఈ బోర్డుకు ప్రచారచిత్రం వంటిది గానీ, పదిమంది తాకేసరికి నలిగి నల్లబడుతుంది. గోధుమపిండి ముద్దలో ఉప్పు కలిపితే బాగా పనిచేస్తుంది, కాని ఫ్యాను గాలికి పైపొర ఆరిపోయి తడబడుతుంది. అల్యూమినియం ఫాయిల్ చవకే అయినా క్లిప్పు పెట్టిన చోట చిరుగుతుంది. చివరకు మన వంటిల్లే ఆదుకుంది. స్టీలు గిన్నెలు, ఇత్తడి చెంబులు, గరిటెలు గంటల తరబడి తడుముకోకుండా పనిచేశాయి. క్లిప్పు అంచును గట్టిగా పట్టుకుంటుంది, తాకినప్పుడు వచ్చే చిన్న శబ్దం ఆటగాడికి తన దెబ్బ తగిలిందన్న నమ్మకాన్నిస్తుంది.

ఎర్త్ విషయంలో మాత్రం చాలా ఆలోచించవలసి వచ్చింది. ఒక చేత్తో వైరు పట్టుకుని ఆడమంటే పిల్లలు రెండు నిమిషాల్లో దానిని వదిలేస్తారు, వదిలేశాక గేము పాడైందనుకుంటారు. మొదటి ఉపాయంగా స్టీలు కడియాలకు క్లిప్పులు తగిలించి ముంజేతికి తొడిగాము. పెద్దవారికి ఇది బాగా నచ్చింది. అంతకన్నా మంచి ఉపాయం మా గుమ్మం దగ్గరే దొరికింది. మన ఇళ్ళలో, హాళ్ళలో చెప్పులు బయట విడిచి రావడం అలవాటు కాబట్టి, ప్రతి గేము ముందూ అట్ట మీద ఫాయిల్ అతికించిన చాపను పరిచి, దానిని ఎర్త్‌కు కలిపాము. ఒట్టి కాళ్ళతో చాప మీద నిలబడినవారికి రెండు చేతులూ ఖాళీ. ఎవరికీ ఏదీ వివరించే పని లేకపోయింది. బూట్లతో తిరిగే లండన్, న్యూయార్క్ హాళ్ళలో ఈ వెసులుబాటు ఉండదు.

అందరికీ ఎక్కువ నచ్చినది చేతులు కలిపే గేము. దీనిలో ఒకరు చాప మీద, మరొకరు చాపకు బయట ఇత్తడి చెంబును పట్టుకుని నిలబడతారు. ఇద్దరూ అరచేతులు తాకించుకున్నప్పుడే తెర మీది పక్షి ఎగురుతుంది. మధ్యలో ఇంకెందరైనా గొలుసుగా నిలబడవచ్చు. ఒకరికొకరు పరిచయం లేని రెండు కుటుంబాలు ఏడుగురి గొలుసు కట్టి ఆడటం ఆ సాయంత్రం నాకు మిగిలిన గొప్ప జ్ఞాపకం. మా పొరపాటు వల్ల మొదటి అరగంట మాత్రం ఇది సరిగా నడవలేదు. చాపను అవసరానికి మించి వెడల్పుగా చేయడంతో రెండో మనిషి బొటనవేలు దానికి తగిలి, చేతులు కలపకుండానే పక్షి ఎగిరిపోయేది. చాపను సగానికి కత్తిరించి, రెండో మనిషి నిలబడే చోట సుద్దముక్కతో గీత గీశాక అంతా కుదుటపడింది.

ఇక పరిమితుల గురించి. ఈ బోర్డుకు తెలిసినది తాకారా, లేదా అన్నది మాత్రమే. ఎంత గట్టిగా, ఎంత వేగంగా, ఎంత వంపుతో అన్నది దీనికి తెలియదు. రాబిన్ బౌమ్‌గార్టెన్ చేసిన లైన్ వాబ్లర్ అనే గేములో తలుపు వెనుక బిగించే స్ప్రింగే జాయ్‌స్టిక్. దానిని వంచితే 5 మీటర్ల ఎల్‌ఈడీ పట్టీ మీద వెలుగు చుక్క నడుస్తుంది, మీటి వదిలితే శత్రువు చస్తాడు. యోహాన్ సెబాస్టియన్ జౌస్ట్ అనే గేముకు అసలు తెరే లేదు. చేతిలోని కంట్రోలరు ఎంత కుదుపుకు లోనైతే ఆటగాడు ఓడిపోవాలో సంగీతపు వేగం నిర్ణయిస్తుంది. ఆ తరహా గేములు చేయదలచినవారు మేకీ మేకీ మీద డబ్బు పెట్టకుండా, కదలికను కొలిచే సెన్సర్లతో ఆర్డుయినో అనే, ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డును వాడటం నేర్చుకోవడం మేలు. మా ఐదో గేము ఊయల మీద ఊగుతూ ఆడేది కాబట్టే దానికి వేరే బోర్డు వాడాము.

కొన్ని ఆచరణాత్మక ఇబ్బందులను ముందే తెలుసుకోవాలి. పెట్టెలోని వైర్లు బల్ల మీద ఆటకు సరిపోతాయి గానీ నేల మీద ఆటకు చాలవు. కోఠీ గుజరాతీ గల్లీలో అదనపు క్లిప్పులు, సన్న వైరు కొని పొడవైనవి తయారు చేసుకున్నాము. చేతులు బాగా పొడిగా ఉన్నవారి స్పర్శ కొన్నిసార్లు నమోదు కాదు, కాబట్టి పక్కన ఒక తడి గుడ్డ ఉంచాలి. ఇన్‌పుట్లు ఇంత సున్నితమైనవి కావడం వల్ల ఇంటి కరెంటు నుంచి వచ్చే రొద కూడా వాటిని కలవరపెట్టవచ్చు. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం ఉత్తమం. గేమును పూర్తి తెర మీద ఉంచి, ల్యాప్‌టాప్ కీబోర్డును గుడ్డతో కప్పకపోతే పెద్దవారి చేతులు నేరుగా దాని మీదికే పోతాయి. వైర్లను మాత్రం దాచవద్దని నా సలహా. గిన్నె నుంచి బోర్డు దాకా వేలితో వైరును అనుసరిస్తూ వెళ్ళిన పిల్లలే, తరువాత వచ్చి తామూ ఒకటి చేస్తామని అడిగారు.

ధర సుమారు 50 అమెరికా డాలర్లు. మన దేశానికి తెప్పించుకుంటే ఇంకా పెరుగుతుంది, అది చిన్న మొత్తం కాదు. దీని తొలి రూపంలో వాడిన రకం చిప్పే ఉన్న ఆర్డుయినో లియోనార్డో బోర్డుకు పెద్ద విలువ గల రెసిస్టర్లు కలిపి ఇంట్లోనే ఇలాంటిది చేసుకోవచ్చు, కాని సోల్డరింగ్ చేయగలిగిన మనిషి, ఒకటి రెండు వారాల ఓపిక కావాలి. మొదటిసారి ప్రదర్శన పెట్టేవారు ఒక మేకీ మేకీ కొని ఒకే గేముతో మొదలుపెట్టి, అది నిలబడ్డాక మిగిలిన వాటికి లియోనార్డోలను తయారు చేసుకోవాలని నేను చెబుతాను. గేములు రాయడానికి, బ్లాకులు పేర్చి ప్రోగ్రాము రాసే స్క్రాచ్ అనే భాష చాలు. 2019లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి దానిలో ఈ బోర్డు కోసమే ప్రత్యేకమైన బ్లాకులు ఉన్నాయి.

దసరా సెలవులకు వామనగుంటల గేము చేస్తున్నాము. పద్నాలుగు గుంటలకు పద్నాలుగు ఇన్‌పుట్లు కావాలి, బోర్డులో పద్దెనిమిది ఉన్నాయి గనుక ఒక్కటే సరిపోతుంది. వెనుక వైపు ఉన్న వాటిలో కొన్ని మౌస్ కదలికకు కేటాయించినవి కాబట్టి వాటిని మీటలుగా మార్చుకోవాలి. చింతగింజలు విద్యుత్తును పోనివ్వవు. అందుకని ప్రతి గుంటలో ఒక చిన్న ఇత్తడి గిన్నె అమర్చి, గింజ వేసేటప్పుడు వేళ్ళు దాని అంచును తాకేలా లోతు తగ్గిస్తున్నాము. అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చిన పాత చెక్క పలకకు రంధ్రాలు చేయడానికి మాత్రం ఇంకా మనసు రాలేదు, కాబట్టి ప్రస్తుతానికి అట్ట మీదే కొలతలు సరిచూసుకుంటున్నాము.