కొక్కరెబెళ్ళూరు, రంగనతిట్టు: ఏప్రిల్ ఎండలో పక్షుల యాత్ర

పక్షులను చూడటానికి చలికాలమే మంచిదంటారు. వలస బాతుల కోసమైతే నిజమే. గూళ్ళు, పిల్లలు చూడాలంటే మాత్రం ఏప్రిల్‌లో కర్ణాటకలోని మండ్య జిల్లాకు వెళ్ళాలి. బెంగళూరులో ఉంటున్న మా తెలుగు మిత్రబృందం ఇరవై మందికి పైగా మినీబస్సు మాట్లాడుకుని ఓ ఆదివారం అక్కడి కొక్కరెబెళ్ళూరు గ్రామం, రంగనతిట్టు పక్షుల అభయారణ్యం రెండూ చూసి వచ్చాం.

రంగనతిట్టు గేటు తెరిచే వేళకే ఎండ ఎక్కుతుంది. కొక్కరెబెళ్ళూరు మామూలు పల్లె, ఎవరూ గేటు తీయనక్కర్లేదు. అందుకే చీకటితో బయలుదేరి ముందు అక్కడికే వెళ్ళాం. మీరూ ఈ వరుస మార్చకండి. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ఊళ్ళన్నిటినీ తప్పించుకుంటూ పోతుంది కాబట్టి, మద్దూరు రాకముందే పాత మైసూరు రోడ్డు మీదికి దిగాలని డ్రైవరుకు ముందుగా చెప్పండి.

ఇళ్ళ మధ్య చింతచెట్లు, వాటి నిండా గూళ్ళు. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు ఒకే చెట్టును పంచుకుంటాయి. కింద ఒకామె పాలు పితుకుతోంది; పైన గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు వెతుక్కుంటోంది. రెట్ట వాసన మాత్రం ఘాటే. ఊరివాళ్ళు దాన్నే పొలాలకు ఎరువుగా వాడతారు. చెట్టు కొట్టకుండా ఉంచినందుకు యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది. గూటి నుంచి జారిపడిన పిల్లలను చేపలు పెట్టి సాకే ఏర్పాటూ ఉంది. 2007లో దీన్ని కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరివాళ్ళ భాగస్వామ్యంతో కాపాడే ప్రాంతంగా ప్రకటించారు గాని, ఊరికీ పక్షులకూ పొత్తు అంతకు చాలా ముందుదే. హిందూపురం నుంచి వచ్చిన మిత్రుడు ‘మా వైపు వీరాపురం కూడా అచ్చం ఇంతే, కొంగలు రాకపోతే ఊరికి మంచిది కాదంటారు’ అన్నాడు.

నాకు నచ్చనిది మా గుంపే. సన్నటి వీధిలో అంతమంది మెడలు ఎత్తి నిలబడితే పక్షులు పట్టించుకోలేదు గాని, మనుషులకు ఇబ్బంది. వాకిట్లో పళ్ళు తోముకుంటున్నవాళ్ళ మీదుగా కెమెరాలు గురిపెట్టడం ఏం మర్యాద? నలుగురైదుగురు వెళ్ళాల్సిన ఊరు ఇది. టిఫిను, నీళ్ళు వెంట తెచ్చుకోండి. మరుగుదొడ్డి అవసరాలు దారిలోనే చూసుకోండి.

శ్రీరంగపట్నం దగ్గరి రంగనతిట్టు ఇందుకు పూర్తిగా తిరగబడ్డ కథ. టికెట్లు, పార్కింగు, నీడ, మరుగుదొడ్లు అన్నీ ఉన్నాయి; పెద్ద గుంపు ఇట్టే కలిసిపోతుంది. 17వ శతాబ్దంలో కావేరికి అడ్డంగా ఆనకట్ట కట్టడంతో ఏర్పడిన లంకలివి. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ సూచనతో 1940లో అభయారణ్యమైంది, 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది.

ఒడ్డు నుంచి చూస్తే సగమే. పడవ ఎక్కాల్సిందే. వేసవిలో నీరు తగ్గి రాళ్ళు బయటపడతాయి. వాటి మీద రివర్ టెర్న్ అనే నీటి పక్షులు గుడ్లు పెడతాయి, పక్క బండ మీద మొసలి నోరు తెరుచుకుని ఎండ కాచుకుంటుంది. వానాకాలంలో ఎగువనున్న కృష్ణరాజసాగరం ఆనకట్ట గేట్లు ఎత్తితే పడవలే ఆపేస్తారు. తెడ్డుమూతి కొంగల గూళ్ళ పక్కన మా పడవవాడు తెడ్డు ఎత్తి పట్టుకుని, కావలసినంతసేపు ఆగాడు. అయినా సాధారణ పడవ షికారు కళ్ళు నిండకముందే అయిపోతుంది. ఫొటోలే ముఖ్యమైతే ప్రత్యేక పడవ తీసుకోండి. ధర బాగా ఎక్కువే, నలుగురు పంచుకుంటే భరించవచ్చు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు మాత్రం నీటి మీద నిప్పులు కురుస్తాయి, టోపీలు కూడా ఆదుకోవు.

ఈ యాత్రలో బలహీనమైన అంకం బస్సు. ఏసీ ఉందన్నారు, ఉంది, గాలే రాలేదు. మాట్లాడుకునే ముందు ఒకసారి నడిపించి చూడండి.

తిరుగు ప్రయాణానికి ముందు కొందరు మైసూరు వెళ్ళి కారంజి చెరువు దగ్గరి పక్షిశాల కూడా చూద్దామన్నారు. పొద్దున్నుంచి స్వేచ్ఛగా ఎగిరేవాటిని చూసి, సాయంత్రం వల కింద నెమళ్ళను చూడటమేమిటని మిగతావారు. చేతులెత్తించి లెక్కపెడితే తిరుగుదారిలో తినే మద్దూరు వడలకే ఎక్కువ ఓట్లు వచ్చాయి.