ఎన్నికల ప్రచారం దగ్గరుండి చూడాలంటే ఏ దేశం మేలు: నేపాలా, బ్రిటనా, అమెరికానా?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దుకు దగ్గరి బల్లార్షా, సిరోంచా, కిన్వట్, ధర్మాబాద్ వైపు డిగ్రీ చదివే పిల్లలు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. రెండు రకాల ప్రచారాన్ని పక్కపక్కన చూడడం మన ప్రాంతానికి కొత్త కాదు. జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావేనంటున్న 14 ఊళ్ళ జనం రెండు రాష్ట్రాల ఎన్నికల్లోనూ ఓటేస్తూ వచ్చారు. అలాంటి చోట పెరిగినవాళ్ళకు తేడాలు పట్టే కన్ను ముందే ఉంటుంది.

దేశం ఎంచుకునేటప్పుడు అందరూ ముందు చూసేది వీసా, ఖర్చు. నేను మాత్రం భాషే ముందు చూడమంటాను. గోడ మీది రాత చదవగలగాలి, సభలో మాట అర్థం కావాలి, సభ అయ్యాక టీ కొట్టు దగ్గర జనం ఏమనుకుంటున్నారో వినగలగాలి. ఈ మూడూ లేకపోతే మిగిలేది జెండాలు, డప్పులు, ఫోటోలే. పక్కన ఒకరు అనువదిస్తూ ఉంటే వాళ్ళకు ముఖ్యమనిపించిందే మీకు చేరుతుంది. తిట్లూ చలోక్తులూ అక్కడే ఆగిపోతాయి, అభ్యర్థి అసలు సంగతి తెలిసేది మాత్రం వాటిలోనే.

ఈ కొలతతో చూస్తే మన జిల్లాల పిల్లలకు నేపాలే ముందు. మరాఠీ బడిలో చదివినవారికి దేవనాగరి లిపి వచ్చు, కాబట్టి నేపాలీ పోస్టర్‌ను కూడబలుక్కొని చదవగలరు. మతదాన్ (ఓటు వేయడం), ఉమ్మేద్వార్ (అభ్యర్థి), ప్రచార్ లాంటి మాటలు ఎలాగూ తెలిసినవే. తరాయిలో, అంటే మన సరిహద్దు పక్కనున్న మైదానంలో భైరహవా, బీర్‌గంజ్, జనక్‌పూర్ వైపు, హిందీతో నెగ్గుకు రావచ్చు. కొండల్లోకి వెళ్ళేకొద్దీ హిందీ పలచబడుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఖాట్మండూకి పరిగెత్తకుండా తరాయిలోనే ఒక్క నియోజకవర్గం పట్టుకుని ఉండడం మంచిది.

అక్కడ చూడాల్సిన అసలు విషయం రెండు రకాల ఓటు. పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధి సభలో 275 సీట్లుంటే 165 మన పద్ధతిలో నేరుగా గెలిచేవి, 110 పార్టీకి వచ్చిన ఓట్ల వాటాను బట్టి పంచేవి. 2022 నవంబర్ 20న రాష్ట్ర సభల ఎన్నిక కూడా కలిసి రావడంతో ఒక్కో ఓటరు నాలుగు బ్యాలెట్లు వేశాడు. అభ్యర్థి తనకోసం ఓటు ఎలా అడుగుతున్నాడో, పార్టీ గుర్తుకు ఎలా అడుగుతున్నాడో విడివిడిగా రాసుకోండి. ఒకే సభలో గొంతు మారడం వినిపిస్తుంది. అక్కడ ఈవీఎం లేదు. కాగితం మీద స్వస్తిక ముద్ర వేయాలి, అందుకే ముద్ర ఎక్కడ వేయాలో నేర్పడం కూడా ప్రచారంలో భాగమే. స్థానిక ఎన్నికలైతే ఇంకా మేలు. 753 స్థానిక సంస్థలకు 2022 మే 13న జరిగాయి, గడువు అయిదేళ్ళు. మేయర్ నుంచి వార్డు సభ్యుల వరకు ఒక్కో ఓటరు ఏడు ఓట్లు వేయాలి. అభ్యర్థి ఇంటి గడపదాకా వస్తాడు, మీరు పక్కన నిలబడి వినవచ్చు.

దారి కూడా తేలికే. బల్లార్షాలో రప్తీసాగర్ రైలు ఎక్కితే నేరుగా గోరఖ్‌పూర్. అక్కడి నుంచి సరిహద్దు ఊరు సునౌలీకి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులుంటాయి. సరిహద్దు నడిచి దాటితే భైరహవా. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు. మన నోట్లలో చిన్నవే పట్టుకెళ్ళండి.

చాలామంది పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు బయల్దేరి దెబ్బ తింటారు. 2022లో పోలింగ్‌కు 72 గంటల ముందే సరిహద్దు మూసేశారు. చివరి 48 గంటలు ప్రచారం బంద్. పోలింగ్ రోజు వాహనాలు తిరగవు. కాబట్టి పది పన్నెండు రోజుల ముందే చేరాలి, పోలింగ్ కేంద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో బస చూసుకోవాలి.

బ్రిటన్ సంగతి వేరు. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి భాష అడ్డు కాదు, కానీ ప్రచారమే కంటికి ఆనదు. పెద్ద సభలు తక్కువ. సాయంత్రాలు కార్యకర్తలు తలుపు తట్టి ఎవరికి వేస్తారని అడిగి రాసుకుపోతారు. టీవీలో డబ్బిచ్చి ప్రకటన వేయడానికి వీల్లేదు. సందర్శక వీసాపై వెళ్ళినవారికి దొరికేది అభ్యర్థులంతా ఒక వేదిక మీద ప్రశ్నలకు జవాబిచ్చే హస్టింగ్స్ మాత్రమే. అదొక్కటీ మాత్రం తప్పక చూడాలి. 2025 ఏప్రిల్‌లో ఆ వీసా రుసుము 127 పౌండ్లు అయింది. అదే చదువుకోసం అక్కడ ఉంటున్నవారైతే లెక్క తిరగబడుతుంది: కామన్వెల్త్ పౌరులుగా మనవాళ్ళకు అక్కడ ఓటు హక్కే ఉంది. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే నమోదు చేసుకోవాలి, పోలింగ్ రోజు మన పాస్‌పోర్ట్ గుర్తింపుగా చెల్లుతుంది. వాళ్ళు నేపాల్ గురించి ఆలోచించనక్కర్లేదు, ఉన్న వీధిలోనే చూడాలి.

అమెరికాలో హంగు ఎక్కువ, దూరాలూ ఎక్కువే, కారు లేకుండా ర్యాలీకి చేరడం కష్టం. ఒక చిక్కు చాలామందికి తెలియదు: అక్కడ విదేశీయులు ఎన్నికల విరాళం ఇవ్వకూడదు, ప్రచార బృందం అమ్మే టోపీ కొన్నా అది విరాళం కిందే లెక్క. చూసి రండి, ఏమీ కొనకండి.

ఏ దేశమైనా జెండా పట్టుకోవద్దు, బండెక్కవద్దు, నినాదం ఇవ్వవద్దు. 2019లో బంగ్లాదేశ్ నటుడు ఫెర్దౌస్ అహ్మద్ పశ్చిమ బెంగాల్ ప్రచారంలో పాల్గొంటే మన ప్రభుత్వమే వీసా రద్దుచేసి పంపించేసింది. అక్కడ మీరూ అంతే.

శ్రీలంక అధ్యక్ష ఎన్నికలో ఓటుకు 1, 2, 3 అని ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి ఆసక్తికరమే, కానీ సింహళమో తమిళమో రావాలి. భూటాన్‌లో మనవాళ్ళకు రాత్రికి 1,200 రూపాయల రుసుము, ప్రచారం కూడా కట్టుదిట్టంగానే సాగుతుంది.

నేపాల్‌కు కాగితాల విషయం ఇప్పుడే చూసుకోండి. విమానంలో వెళ్ళే మీ వయసువాళ్ళకు ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాలి. బస్సులో వెళ్ళినా అవే దగ్గరుంచుకోండి. 18 నిండి ఇంకా కార్డు లేనివారు ఫారం 6 పెట్టాలి. పేరులో అక్షరం తేడా ఉంటే ఫారం 8, అదీ ప్రయాణం తేదీ అనుకోకముందే.