క్యాలెండర్ పిలుపు: ఆఫీసు మెయిల్ నుంచా, సొంత మెయిల్ నుంచా?

హన్మకొండలో మా అక్క బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు ఫోన్లోనే క్యాలెండర్ పిలుపులు పంపిన. కాజీపేట మామయ్య "వస్తున్న" అని నొక్కితే ఆ జవాబు నా ఆఫీసు ఇన్‌బాక్సులో పడ్డది! తప్పు నాదే. గూగుల్ క్యాలెండర్‌లో గానీ ఐఫోన్‌లో గానీ, ఈవెంట్‌ను ఏ ఖాతా క్యాలెండర్‌లో పెడితే పిలుపు ఆ ఖాతా నుంచే పోతుంది. పిలుపుతో వెళ్లే ఐసీఎస్ ఫైలులో (ఈవెంట్ వివరాలుండే చిన్న ఫైలు) 'ఆర్గనైజర్' అని ఒక వరుస ఉంటుంది, అందులో పిలిచినవాళ్ల మెయిల్ చిరునామా ఉంటది. జవాబులన్నీ ఆ చిరునామాకే చేరుతయి.

ఆఫీసు మెయిల్‌కు ఒక సుఖం ఉంది. తోటివాళ్లు ఎప్పుడు ఖాళీయో చూసి టైం పెట్టొచ్చు, మీటింగు గది కూడా అందులోనే బుక్ చేసుకోవచ్చు. పని మీటింగులకు అదే సరి, ఇంకో మాట లేదు.

సొంత జీమెయిల్‌కు ఆ సౌకర్యం లేదు. కానీ ఉద్యోగం మారినా అది మన చేతిలోనే ఉంటుంది. ఆఫీసు ఖాతా మూతబడితే, దాంట్ల పెట్టిన ఫంక్షన్ టైం మార్చాలన్నా మన వల్ల కాదు. పెళ్లి, బారసాల, సొసైటీ మీటింగు లాంటివన్నీ నేనిప్పుడు సొంత దాంట్లనే పెడుతున్న. 'సేవ్' నొక్కే ముందు క్యాలెండర్ పేరు ఒక్కసారి చూసుకోండి. తర్వాత రద్దు చేసి మళ్లీ పంపితే, "ఫంక్షన్ ఆగిపోయిందా?" అని ఊరంతా ఫోన్లు చేస్తది.