జిప్సీతో పన్నెండేళ్లు: రాణిగంజ్ సామాను, రేగడి బాటలు

2013లో కొన్నాను. 2007 మోడల్ మారుతీ జిప్సీ, ఎం.జి.413డబ్ల్యు, సాఫ్ట్ టాప్, తెల్లది. అప్పటికి మీటరు మీద 92 వేల కిలోమీటర్లు ఉన్నాయి, ఇప్పుడు 1,68,000 దాటింది. అందులో చాలామటుకు హైదరాబాద్ ఊళ్లో తిరిగిందే. మిగతాదంతా చేవెళ్ల, వికారాబాద్, సంగారెడ్డి వైపు మట్టి బాటల్లో తిరిగాను. జిప్సీ కొనాలనుకునే కుర్రాళ్లు నన్ను ఎప్పుడూ రెండు ప్రశ్నలే అడుగుతారు. కంపెనీ అమ్మడం ఆపేసింది కదా, సామాను దొరుకుతుందా? దొరికితే బండిని ఎక్కడ తిప్పాలి?

ముందు బండి గురించి. 1298 సీసీ పెట్రోల్ ఇంజను, 80 హార్స్‌పవర్, 103 న్యూటన్ మీటర్ల టార్క్. చదివితే చిన్న అంకెలే అనిపిస్తాయి. కానీ బండి బరువు టన్ను చుట్టూనే ఉంటుంది, దాని బలమంతా ఆ తేలికదనంలోనే ఉంది. రెండు టన్నుల బండ్లు కూరుకుపోయిన చోట ఇది మెల్లగా మీద మీద నడిచి బయటికొస్తుంది. ఇంజను మాత్రం తిరిగితేనే లాగుతుంది, అందుకే ఎక్కుడు దగ్గర ముందే 'ఫోర్-లో' గేరు (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగేది) వేసుకోవాలి. సగం ఎక్కాక వేద్దాం అనుకుంటే బండి అక్కడే ఆగిపోతుంది.

ఊళ్లో కష్టమే. నా బండికి పవర్ స్టీరింగ్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులు), కాబట్టి మెహదీపట్నం గతుకులన్నీ నడుముకు తెలుస్తాయి. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు వస్తే సంతోషం. మే నెలలో మధ్యాహ్నం పూట పిల్లల్ని ఎక్కించను. ఇంట్లో ఇంకో కారు లేనివాళ్లకు ఈ బండి కొనమని చెప్పలేను.

ఇక సామాను. నా కళ్లు తెరిపించింది స్టీరింగ్. కొన్న మూడో ఏడాది ఔటర్ మీద 70 దాటి ఏదైనా వంతెన అతుకు తగిలితే చాలు, స్టీరింగ్ చేతుల్లో కొట్టుకునేది. బ్రేకు కొట్టి 40కి తెస్తే గానీ ఆగేది కాదు. బ్యాలెన్సింగ్ చేయించాను, అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించాను. ఒక గ్యారేజీలో స్టీరింగ్ డ్యాంపర్ మార్చి పంపించారు. రెండు నెలలు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. డ్యాంపర్ ఊపును అణచిపెట్టింది, రోగం లోపలే ఉండిపోయింది.

చివరికి వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో ఒక మిస్త్రీ ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్ టక్ మంది. హబ్బు విప్పి కింగ్‌పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం పక్కకు తిరిగేది వీటి మీదే) బయటికి తీస్తే, రోలర్లు ఒకే చోట కూర్చుని కప్పు మీద గీతల్లాగా గుంటలు చేసి పెట్టాయి. చక్రం ఎక్కువసేపు తిన్నగానే ఉంటుంది కదా, దెబ్బలన్నీ అక్కడే పడతాయి. ఆ బేరింగును గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, "సార్, జిప్సీ సామాను అని అడిగితే జిప్సీ రేటు చెప్తరు. దీనిమీద నంబరు చూడు, బేరింగ్ దుకాణంల ఆ నంబరు అడుగు" అన్నాడు. 30302. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, బయటిది 42. మోటార్లకూ మిషన్లకూ వాడే మామూలు టేపర్ బేరింగే. రాణిగంజ్‌లో మంచి కంపెనీవి నాలుగు, రెండు వైపులకూ కలిపి, పదిహేను వందల లోపే వచ్చాయి. తొమ్మిదేళ్లయింది, స్టీరింగ్ మళ్లీ కొట్టుకోలేదు.

ఆ రోజు ఒక నోటుపుస్తకం పెట్టాను. విప్పిన ప్రతి సామాను మీదా ఏ నంబరుందో దాంట్లో రాసుకుంటాను. ఆయిల్ సీల్ మీద మూడు అంకెలుంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ మూడూ చెబితే ఏ బండిదని ఎవరూ అడగరు. యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలులోని క్రాసుకు కప్పు వ్యాసం, చివర నుంచి చివరకు పొడవు కొలిచి రాసుకోవాలి. రిమ్ముకు ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల పీసీడీ, అంటే ఆ బోల్టుల మీదుగా గీసిన వృత్తం వ్యాసం. 2023లో వచ్చిన మారుతీ జిమ్నీదీ ఇదే కొలత కావడంతో జిప్సీవాళ్లకు రిమ్ముల వెతుకులాట కొంత తేలికైంది. అయితే ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో) చూసుకోకుండా డబ్బులు కట్టొద్దు, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు కమాన్‌కు రాసుకుంటుందో లేదో అక్కడే చూడాలి.

ఏది ఎక్కడ దొరుకుతుందంటే, బేరింగులు, సీళ్లు, హోసులు, నట్లు బోల్టులు రాణిగంజ్‌లో. క్లచ్, బ్రేకు, కేబుళ్ల లాంటి మారుతీ సామానుకు నేను గౌలిగూడ, పుత్లిబౌలి వైపు వెళ్తాను. కమాన్లు, వెల్డింగ్, షాసీ పని ఆటోనగర్‌లో. లేత్ పనికి బాలానగర్. ఎక్కడికెళ్లినా పాత సామాను సంచీలో ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే దుకాణదారు "ఇదే" అంటాడు, ఇంటికొచ్చాక స్ప్లైన్లు (షాఫ్ట్ పళ్లు) కలవవు.

డూప్లికేట్‌తో ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. వెనక బ్రేకు వీల్ సిలిండర్లు కంపెనీ డబ్బాలోనే ఇచ్చారు, ధర కూడా కంపెనీ ధరే తీసుకున్నారు. నాలుగో నెలలో అనంతగిరి ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడింది. గేర్ల మీద దించుకుంటూ కింద దాకా వచ్చాను, పక్కన మా తమ్ముడున్నాడు. డ్రమ్ము విప్పితే లోపలంతా ఆయిలే. అప్పటి నుంచి నాకొక నియమం. బ్రేకు, స్టీరింగ్, చక్రం బేరింగు, ఈ మూడింటికీ బిల్లు ఇవ్వని చోట కొనను. డబ్బా సీలు, ముద్రణ చూశాకే డబ్బులు. మిగతావాటిలో పొదుపు చేసుకోవచ్చు.

పెట్రోల్‌లో ఇథనాల్ పాలు 20 శాతానికి వచ్చాక పాత జిప్సీలన్నింటికీ ఇంకో పని పడింది. ఈ బండి తయారైనప్పుడు అందులోని రబ్బరును ఆ పెట్రోల్ కోసం చేయలేదు. నా బండిలో ట్యాంకు దగ్గరి హోసు ఉబ్బి మెత్తబడింది, ఎండలో నిలబెడితే పెట్రోల్ వాసన వచ్చేది. మొత్తం లైనులోని రబ్బరంతా మార్చాను. హోసు మీద ఎస్.ఏ.ఈ. జె30ఆర్9 అని అచ్చు ఉన్నది అడగండి, అది ఇథనాల్‌కు, ఇంజెక్షన్ ఒత్తిడికి ఆగుతుంది. జిప్సీ కొనగానే చేయించాల్సిన మొదటి పని ఇదే, ఎందుకంటే ఇది మంటలతో వ్యవహారం.

అప్‌గ్రేడ్లలో నాకు నిజంగా పనికొచ్చినవి తక్కువే. అన్నింటికంటే విలువైనది టైర్లు. 215/75 ఆర్15 ఆల్ టెరెయిన్ వేశాక బండే మారిపోయింది. దానికంటే చవకైనది గాలి తగ్గించడం. ఇసుకలో, మెత్తటి మట్టిలో 16 పీఎస్ఐకి దించుతాను, టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది. బయటికొచ్చాక నింపుకోవడానికి 12 వోల్టుల కంప్రెసర్ తప్పనిసరి.

దాని తర్వాత డిఫరెన్షియల్ బ్రీదర్ గొట్టం, అంటే యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టెకు గాలి ఆడే దారి. వాగు దాటితే వేడిగా ఉన్న యాక్సిల్ ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది, సీళ్ల గుండా, బ్రీదర్ గుండా నీళ్లు పీల్చుకుంటుంది. ఆయిలు పాలు పోసిన చాయ్ రంగుకు వస్తే అదే కారణం. రెండు మీటర్ల గొట్టం, రెండు క్లిప్పులు పెట్టి బ్రీదర్‌ను పైకి తెస్తే ఆ బాధ చాలామటుకు పోతుంది. ఇంత చిన్న ఖర్చుతో ఇంత పెద్ద లాభం ఇంకెందులోనూ నేను చూడలేదు.

బండి లాగే సామాను కోసం ఆఫ్‌రోడ్ దుకాణాలకే వెళ్లనక్కర్లేదు. రాణిగంజ్‌లో క్రేన్లకు, ఫ్యాక్టరీలకు గొలుసులు, స్లింగులు అమ్మే దుకాణాలున్నాయి. అక్కడ దొరికే బో షాకిల్ (తాడును హుక్కుకు తగిలించే ఇనుప కడియం) మీద డబ్ల్యు.ఎల్.ఎల్., అంటే ఎంత బరువు దాకా వాడొచ్చో ఆ హద్దు, పక్కన 4.75 టన్నులు అని అచ్చు వేసి ఉంటుంది. అంకె లేని షాకిల్‌ను ఇనుప ముక్క కిందే లెక్కగట్టండి. తాడు తగిలించేది షాసీకి బిగించిన హుక్కుకే గానీ బంపరుకు కాదు, టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే గుండు) అసలే కాదు. లాగే తాడు తెగితే బుల్లెట్‌లా వస్తుంది. జనాన్ని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టకుండా నేను ఎవరినీ లాగనివ్వను.

పనికిరాని ఖర్చు కూడా చెప్పాలి. బండి ఎత్తు పెరగాలని మొదట్లో కమాన్‌ను షాసీకి తగిలించే షాకిల్ పట్టీలు పొడుగువి వేయించాను. క్యాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) మారి బండి తిన్నగా పోవడం మానేసింది. తీసేసి కమాన్ కట్టలు విప్పించి, అలసిన పట్టీలు మార్చి, బుష్‌లు కొత్తవి వేయించాను. అసలు ఎత్తు తిరిగొచ్చింది, అది చాలు. చట్టమూ గుర్తుండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ముందు యజమాని పెట్టించిన బుల్ బార్‌ను (బంపరు ముందు ఇనుప కమ్మీలు), 2017 డిసెంబరులో కేంద్రం వాటిని వద్దన్నాక, తీయించేశాను. 2022 అక్టోబరులో 15 ఏళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు అది లేకపోవడం మంచిదైంది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఫీజు 600 నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే.

ఇప్పుడు బాటలు. మన చుట్టూ రెండు రకాల నేలలు, రెంటికీ రెండు లెక్కలు. ఎర్ర చెల్క, మొరం ఉన్నచోట వాన పడ్డ కొన్ని గంటలకే బండి పోతుంది. వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్ల రేగడి అలా కాదు. నీళ్లు తాగి ఉబ్బుతుంది, టైరు గాళ్లన్నీ నింపేస్తుంది, ఎంత మంచి టైరైనా నున్నటి రోలరైపోతుంది. రేగడిలో పెద్ద వాన పడితే మూడు రోజులు నేను ఆ వైపే పోను. బండి సంగతి తర్వాత, మనం చేసిన గాడి ఎండితే రైతు ట్రాక్టర్‌కూ ఎడ్లబండికీ అది ఆ ఎండాకాలమంతా బాధే.

బాట వెతకడానికి నాకు అన్నింటికంటే ఉపయోగపడింది సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్, అంటే నేల వివరాలన్నీ చూపే పటం. 2017లో నక్షే పోర్టల్‌లో ఉచితంగా పెట్టారు, ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో దించుకోవచ్చు. 1:50,000 కొలత, అంటే రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. పాత లెక్కలో హైదరాబాద్ షీటు నంబరు 56కె, వికారాబాద్‌ది 56జి. బండ్ల బాటలు, వాగులు, రిజర్వు అడవి హద్దులు అన్నీ ఉంటాయి. బాట ఇంకా బతికుందో లేదో ఉపగ్రహ చిత్రంలో చూసుకుంటాను. భువన్ వెబ్‌సైట్ వాడతాను, అది మన బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్.ఆర్.ఎస్.సి. పెట్టినదే.

షీటు ఎంత చెప్పినా ఊళ్లో ఆగి అడగాలి. "పెద్దయ్యా, ఈ బాట నక్షల ఉందా, పట్టాలకెళ్లి పోతదా?" అంటే చాలు, ఎవరైనా చెప్తారు. నక్షా బాటైతే పదమంటారు. పట్టా చేనైతే ఎవరిదో చెప్పి, అడిగి పొమ్మంటారు. అడిగాక ఇంతవరకు నన్ను ఒక్కరే వద్దన్నారు, ఆయన అప్పుడే నారు పోశాడు. రిజర్వు అడవిలో బాట కనబడినా దిగొద్దు, అనుమతి లేకుండా బండి పెట్టడం నేరం. గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) టైరు గీతలు చూస్తే నాకు కోపం వస్తుంది. వేసవిలో నీళ్లు తగ్గి చదునుగా కనబడితే మైదానం అనుకుంటారు. 1920లో ఒకటి, 1927లో ఒకటి కట్టారు, ఆ నీళ్లు ఇప్పటికీ మనం తాగుతున్నాం. వదిలేసిన క్వారీల్లో, యజమాని ఒప్పుకున్న బీడు భూముల్లో కావలసినన్ని ఎక్కుళ్లు ఉన్నాయి.

ఏడాదికి నా నిర్వహణ ఖర్చు, టైర్లు కాకుండా, పాతిక ముప్ఫై వేల మధ్య ఉంటుంది. వచ్చే ఆదివారం వెనక కుడి యాక్సిల్ సీల్ మార్చాలి, నంబరు నోటుపుస్తకంలో ఉంది. ఇంకా దొరకనిది ఒక్కటే, సాఫ్ట్ టాప్ పక్క కిటికీల అసలు జిప్. దానిమీద ఏ నంబరూ లేదు. పాతది సంచీలో పెట్టుకుని దుకాణం దుకాణం తిరుగుతున్నాను.