కంప్యూటర్‌లో టీవీ చూడొచ్చని అమ్మే ట్యూనర్ డబ్బాలు: తిరుపతి వాళ్లు జాగ్రత్త

పాత కంప్యూటర్ ఉంటే చాలు, దానికి యూఎస్‌బీ ట్యూనర్ తగిలించి టీవీ చూసుకోవచ్చని మన తిరుపతిలో కొన్ని షాపుల్లో ఇంకా అమ్ముతున్నారు. కొనేముందు ఇది చదవండి.

మా నాన్న గదిలో డెస్క్‌టాప్ ఉంది, టీవీ పెట్టడానికి చోటు లేదు. ఎస్వీబీసీలో కల్యాణోత్సవం, సాయంత్రం వార్తలు వస్తే ఆయనకు చాలు. "కేబుల్ వైరు గుచ్చితే అన్ని ఛానెళ్లూ వచ్చేస్తాయి అనా, సెటప్ బాక్సే అక్కర్లేదు" అన్నాడు షాపాయన. 1,850 రూపాయలు. డబ్బా మీద ‘డిజిటల్ హెచ్‌డీ’ అని, ‘విండోస్ 11’ అని స్టిక్కర్లు. కౌంటర్ మీద పెట్టి చూపిస్తే బొమ్మ బాగానే వచ్చింది.

ఇంట్లో వైరు గుచ్చి స్కాన్ కొడితే దొరికిన ఛానెళ్లు సున్నా. తెరంతా చుక్కలు, స్పీకర్లో బుస్సుమని మోత. ఫోన్ చేస్తే "మీ కేబులాయన్ని అడగండి" అన్నారు. కేబులాయన వచ్చి సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ‘పాల్-బీ’ అని ఉండటం చూసి నవ్వేశాడు. అది పాత ఎనలాగ్ పద్ధతి. కేబుల్‌ని డిజిటల్ చేయడం 2012లో మెట్రో నగరాల్లో మొదలైంది, చివరి దశకి పెట్టిన గడువు 2017 మార్చి 31. ఇప్పుడు వైర్లో వచ్చే ఛానెళ్లకి తాళం ఉంటుంది, ఆ తాళం తీసేది ఆపరేటర్ ఇచ్చిన సెటప్ బాక్సే. కాబట్టి నిజంగా డిజిటల్ ట్యూనరే కొన్నా, ఆ బాక్స్ లేకుండా పే ఛానెళ్లు రావు.

పోనీ మిద్దె మీద యాంటెన్నా పెట్టుకుందామా అంటే, దూరదర్శన్ తన ఎనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నీ మూసేసింది. డీవీబీ-టీ2 అనే డిజిటల్ ప్రసారం 2016లో చెన్నైతో కలిపి 16 నగరాల్లో మొదలుపెట్టింది, అందులో తిరుపతి లేదు.

మరి షాపులో బొమ్మ ఎలా వచ్చింది? డబ్బా పట్టుకుని మళ్లీ వెళ్లినప్పుడు కౌంటర్ వెనక్కి తొంగి చూశాను. అట్టపెట్టెల చాటున ఒక సెటప్ బాక్స్, దాన్నుంచి ట్యూనర్‌కి పసుపు వైరు! అక్కర్లేదన్న బాక్స్‌తోనే చూపించారన్నమాట. పైగా ఆ పసుపు వైర్లో వచ్చేది 576 గీతల మామూలు బొమ్మే, హెచ్‌డీ అని ఎవరు అంటించారో ఆ వేంకటేశ్వరుడికే తెలియాలి.

డ్రైవర్, అంటే ట్యూనర్‌ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, దాని సంగతి ఇంకా ఘోరం. ఇచ్చింది చిన్న సీడీ, ఈరోజుల్లో సీడీ పెట్టే చోటు ఎవరి కంప్యూటర్లో ఉంది? పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చి వేస్తే, ఎవరు తయారు చేశారో చెప్పే డిజిటల్ సంతకం లేని డ్రైవర్ అని విండోస్ ఒప్పుకోలేదు. సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు కాపలా కాసే ఏర్పాటు), యాంటీవైరస్ రెండూ ఆపేసి వేయమని షాపు కుర్రాడి సలహా. ఎవరు చెప్పినా ఆ పని చేయొద్దు. అదే కంప్యూటర్లో బ్యాంకు పనులు కూడా చేసుకుంటాం.

డబ్బులు వెనక్కివ్వమంటే బిల్లు కింద ‘అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు’ అన్న ముక్క చూపించారు. ఇంకో 1,200 వేస్తే హెచ్‌డీఎంఐ క్యాప్చర్, అంటే సెటప్ బాక్స్ బొమ్మని హెచ్‌డీఎంఐ వైరుతో కంప్యూటర్లోకి తెచ్చే డబ్బా, ఇస్తామన్నారు. అదీ వద్దు. చాలా సెటప్ బాక్సులు హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ అనే కాపలాతో బొమ్మ పంపుతాయి, క్యాప్చర్ డబ్బాలో నల్ల తెర తప్ప ఏమీ రాదు.

నిజంగా పనిచేసేవి చెప్తాను. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉండి, అది హెచ్‌డీసీపీ ఒప్పుకునేదైతే సెటప్ బాక్స్‌ని నేరుగా దానికే కలపండి, స్పీకర్లు విడిగా పెట్టుకోవాలి. కంప్యూటర్లోనే కావాలంటే ఉపగ్రహ ప్రసారాలు అందుకునే డీవీబీ-ఎస్2 కార్డు, చిన్న డిష్ పెట్టి 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పితే దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్‌లో తాళం లేని ఛానెళ్లు నెల చందా లేకుండా వస్తాయి, కానీ డిష్ సరిగ్గా తిప్పడానికి తెలిసిన మనిషి కావాలి. మా నాన్నకైతే యూట్యూబ్‌లో ఎస్వీబీసీ లైవ్ పెట్టిచ్చాను, పైసా ఖర్చు లేదు.

ఇప్పటికే కొనేసిన వాళ్లు బిల్లు, డబ్బా, స్టిక్కర్లు పారేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, కేసు రెండేళ్లలోపు వేయాలి. నేను 1915లో ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది. షాపు నుంచి జవాబు ఇంకా రాలేదు.